ఎంఎస్ ఎందుకు వస్తుంది? అపోహలు - వాస్తవాలు

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అని తేలాక మందుల సంగతి తర్వాత, ముందు "నాకే ఎందుకు వచ్చింది డాక్టర్?" అనే అడుగుతారు. ఒక మనిషిని చూసి ఫలానా దానివల్లే వచ్చిందని ఏ న్యూరాలజిస్టూ చెప్పలేరు. వేలమందిని పరిశీలించినప్పుడు ఏవి ముప్పును పెంచుతాయో మాత్రం ఇప్పుడు చాలావరకు తెలుసు. ఈ రెంటినీ కలిపేయడంతోనే సగం అపోహలు పుడుతున్నాయి.

అపోహ: టెన్షన్ వల్లే వచ్చింది.

నేను ఎక్కువగా వినేది ఇదే. ఉద్యోగం పోయిందనో, ఇంట్లో గొడవలనో, ఆ మధ్య జరిగిన ఏదో ఒకదానికి అంటగడతారు. ఎంఎస్‌లో మన రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాము, కంటి నరాల్లోని పోగులను కప్పి కాపాడే మైలిన్ అనే పొర మీద దాడి చేస్తుంది. ఆ దాడి లక్షణాలు బయటపడిన రోజున మొదలైంది కాదు. చూపు మసకబారిందని మొదటిసారి వచ్చినవాళ్ల ఎంఆర్ఐలో కూడా తరచు పాత మచ్చలు కనిపిస్తాయి. నరాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి చేరే ఒక ప్రొటీన్ అయితే లక్షణాలకు కొన్నేళ్ల ముందే పెరిగి ఉంటుందని తేలింది. అంటే మొన్నటి గొడవ మీద నింద వేసే సమయానికే జబ్బు లోపల పని మొదలుపెట్టేసింది. ఉన్న జబ్బు మళ్లీ తిరగబెట్టడానికి ఒత్తిడికి కొంత సంబంధం కనిపించింది. అసలు జబ్బును ఒత్తిడే తెస్తుందనడానికి మాత్రం గట్టి ఆధారం లేదు.

అపోహ: తల్లికి ఉంటే పిల్లలకు వచ్చి తీరుతుంది.

తల్లికో తండ్రికో ఎంఎస్ ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు నూటికి 2, 3. మిగతావాళ్ల కంటే ఎక్కువే, అయినా రాని పిల్లలే అత్యధికం. జన్యువులు అచ్చంగా ఒకటే అయిన కవలల్లో ఒకరికి ఎంఎస్ ఉన్నా, రెండోవారికి వచ్చేది నూటికి 25-30 జంటల్లోనే. ముప్పును కాస్త కాస్త పెంచే జన్యు మార్పులు 200కు పైగా దొరికాయి. వాటన్నిట్లో బలమైనదైన హెచ్ఎల్ఏ-డీఆర్‌బీ1*15:01 కూడా ముప్పును మూడు రెట్లు పెంచుతుందంతే. అది ఉన్నవాళ్లలో దాదాపు అందరూ జీవితమంతా ఎంఎస్ లేకుండానే గడిపేస్తారు. అందుకే "జన్యు పరీక్ష చేయించమంటారా?" అని అడిగితే వద్దనే అంటాను. పిల్లలు వద్దనుకోవడానికైతే ఇది కారణమే కాదు.

అపోహ: వైరస్ వల్ల వస్తుందట, కాబట్టి అంటుకుంటుంది.

ఇందులో మొదటి సగం నిజానికి దగ్గరగా ఉంది. కోటిమందికి పైగా అమెరికన్ సైనికుల రికార్డులు, 20 ఏళ్లపాటు దాచిన రక్త నమూనాలు పరిశీలించి 2022లో ఒక అధ్యయనం వచ్చింది. ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకాక ఎంఎస్ ముప్పు 32 రెట్లు పెరిగింది. నమూనాలు దొరికిన 801 మంది ఎంఎస్ రోగుల్లో ముందుగా ఈ వైరస్ సోకనట్టు కనిపించింది ఒక్కరికే. దాదాపు ఇలాగే వ్యాపించే సైటోమెగలోవైరస్‌తో మాత్రం ముప్పు పెరగలేదు. మా రంగంలో ఇంత స్పష్టమైన ఫలితం అరుదు.

అయితే ప్రపంచంలో పెద్దవాళ్లలో నూటికి 90 మందికి పైగా ఈ వైరస్ ఒంట్లో ఉన్నవాళ్లే. ఎంఎస్ వచ్చేది వాళ్లలో అతి కొద్దిమందికి. తాళానికి రెండు మూడు తాళంచెవులు కావాలనుకోండి, ఇది వాటిలో ఒకటి. ఇక వైరస్ అంటుకుంటుందేమో గానీ ఎంఎస్ అంటుకోదు. కలిసి తిన్నా, కలిసి కాపురం చేసినా రాదు. "నాకు ఆ వైరస్ ఉందేమో చూడండి" అని పరీక్ష చేయించుకోవడమూ దండగే, ఉందనే వస్తుంది.

అపోహ: సిగరెట్‌కు నరాల జబ్బుతో ఏం సంబంధం?

చాలా ఉంది. పొగతాగేవాళ్లలో ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లు. పక్కవాళ్ల పొగ పీల్చినా కొంత పెరుగుతుంది. స్వీడన్‌లో పెదవి కింద పెట్టుకునే పొగాకు వాడేవాళ్లలో ఈ పెరుగుదల కనిపించలేదు. అందుకే అసలు దోషం నికోటిన్‌ది కాదని, పొగ వల్ల ఊపిరితిత్తుల్లో పుట్టే వాపుదేనని అనుమానం. (ఆ పొగాకు మంచిదని దీని అర్థం కాదు.) ముప్పు పెంచే జన్యువులున్నవాళ్లు పొగ కూడా తాగితే రెండూ కూడుకోవు, గుణించుకుంటాయి. జబ్బు వచ్చాక కూడా మానకపోతే వైకల్యం త్వరగా పెరుగుతుంది. "ఎలాగూ వచ్చేసింది కదా, ఇప్పుడు మానితే ఏం లాభం?" అనేవాళ్లకు నా జవాబు ఇదే.

అపోహ: ఎండ బాగా ఉన్నచోట ఎంఎస్ రాదు.

భూమధ్యరేఖకు దూరం పోయేకొద్దీ ఎంఎస్ ఎక్కువవడం నిజం. ఒక్క ఆస్ట్రేలియాలోనే ఉత్తరాన క్వీన్స్‌లాండ్ కంటే దక్షిణాన టాస్మానియాలో చాలా ఎక్కువ. కానీ ఎండకు లోటులేని ఇటలీ ద్వీపం సార్డీనియా ప్రపంచంలోనే ఎంఎస్ బాగా ఎక్కువున్న చోట్లలో ఒకటి. అక్కడ జన్యువుల పాత్ర పెద్దది. తక్కువ విటమిన్ డి ముప్పు పెంచుతుందని జన్యు అధ్యయనాలు కూడా చెబుతున్నాయి కాబట్టి లోపముంటే సరిచేసుకోవాలి. పరీక్ష లేకుండా పెద్ద మోతాదులు మింగితే కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి.

టీకాల సంగతి త్వరగా చెప్పేస్తాను. హెపటైటిస్ బి టీకా మీద అనుమానంతో ఫ్రాన్స్ 1998లో స్కూళ్లలో ఆ కార్యక్రమమే ఆపేసింది. 2001లో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాల్లో టీకాకూ ఎంఎస్‌కూ సంబంధం దొరకలేదు.

గర్భం వల్ల కూడా రాదు. పైగా చివరి మూడు నెలల్లో జబ్బు బాగా నెమ్మదిస్తుంది, కాన్పయ్యాక మొదటి మూడు నెలల్లో తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. ఆడవాళ్లలో ఎంఎస్ రెండు మూడు రెట్లు ఎక్కువన్నది వాస్తవమే. అలాగని మగవాళ్లలో తిమ్మిర్లను తేలిగ్గా తీసుకోకూడదు.

ఎవరూ అడగనిది ఒకటుంది: టీనేజీలో ఊబకాయం. 18-20 ఏళ్లకే బాగా లావుగా ఉన్నవాళ్లలో ముప్పు దాదాపు రెట్టింపు.

ఇంట్లో ఒకరికి ఎంఎస్ ఉంటే, ఏ లక్షణమూ లేని తోబుట్టువులకూ పిల్లలకూ ఎంఆర్ఐ తీయించనక్కర్లేదు. వాళ్లు పొగ జోలికి పోకుండా, చిన్నప్పటి నుంచే బరువు అదుపులో పెట్టుకుంటే చాలు. ఒక కంట్లో నొప్పితో చూపు తగ్గినా, కాలో చెయ్యో ఒకరోజుకు మించి మొద్దుబారినా మాత్రం ఆగకుండా న్యూరాలజిస్టుకు చూపించాలి.