చనుమొనల ఆకారం: అపోహలు - వాస్తవాలు

కాన్పుల వార్డులో బాలింతలకు పాలివ్వడం నేర్పించడం నా పని. చనుమొనల గురించి నోరు విప్పి అడగడానికి చాలామందికి సిగ్గు. అడగకుండా ఇంటికెళ్లి, పక్కవాళ్లు చెప్పిందే నమ్మేస్తారు. నష్టపోయేది తల్లీ బిడ్డలే.

అపోహ: చనుమొనలు లోపలికి ఉంటే బిడ్డకు పాలివ్వలేరు.

ఈ మాట విని రెండో రోజుకే డబ్బా పాలు తెప్పించేస్తారు. నాకు చాలా బాధనిపిస్తుంది. బిడ్డ పట్టుకోవాల్సింది ఒక్క చనుమొనను కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగాన్ని కూడా. నోరు బాగా తెరిచాకే బిడ్డను దగ్గరికి తీసుకోండి. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. రొమ్ము గట్టిపడి ఉంటే ముందు చేత్తో కొంచెం పాలు పిండండి, మెత్తబడుతుంది.

అప్పటికీ బిడ్డ పట్టుకోకపోతే మా దగ్గర సిరంజి పద్ధతి ఉంది. సూది తీసేసి, సిరంజి ముక్కు వైపు కోసి, పిస్టన్‌ను ఆ కోసిన వైపు నుంచి ఎక్కిస్తాం. నున్నగా ఉన్న రెండో వైపును చనుమొన మీద పెట్టి, నొప్పి లేకుండా మెల్లగా లాగుతాం. మొదటిసారి నర్సు దగ్గరుండి చూపించాలి. పాలిచ్చే ముందు ఇలా చేస్తే చాలామందికి పని సులువవుతుంది.

అపోహ: ఆడపిల్ల పుట్టగానే రొమ్ములు పిండకపోతే పెద్దయ్యాక చనుమొనలు లోపలికి పోతాయి.

పసిబిడ్డకు నీళ్లు పోసేటప్పుడు ఇలా పిండడం ఇంకా ఆగలేదు. తల్లి హార్మోన్ల వల్ల ఆడబిడ్డకైనా మగబిడ్డకైనా పుట్టిన కొద్ది రోజులకు రొమ్ములు ఉబ్బుతాయి, ఒకటి రెండు చుక్కల పాలు కూడా రావచ్చు. సాధారణంగా కొన్ని వారాల్లో అదే తగ్గిపోతుంది. పిండితే ఇన్ఫెక్షన్ వచ్చి చీము పట్టొచ్చు. లోపలి కణజాలం దెబ్బతింటే పెద్దయ్యాక ఆ రొమ్ము సరిగా పెరగకపోవచ్చు. అమ్మమ్మలూ, నానమ్మలూ, దయచేసి ఆ లేత రొమ్ముల మీద చెయ్యి వేయకండి.

అపోహ: రెండూ ఒకేలా లేకపోతే జబ్బే.

కాదు. ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా ఉండొచ్చు. నల్లటి భాగం మీద చిన్న చిన్న బొడిపెలు, ఒకటి రెండు వెంట్రుకలు మామూలే. ఆ బొడిపెలు చర్మాన్ని మెత్తగా ఉంచే గ్రంథులు. గిల్లొద్దు.

అపోహ: నొప్పి లేదు కాబట్టి భయం లేదు.

రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పే ఉండదు. చిన్నప్పటి నుంచీ లోపలికి ఉన్న చనుమొన గురించి టెన్షన్ అక్కర్లేదు. మొన్నటిదాకా బయటికి ఉన్నది, ముఖ్యంగా ఒకవైపే, కొత్తగా లోపలికి లాక్కుపోతే వెంటనే చూపించండి. పిండకుండానే రక్తం కలిసిన ద్రవం కారినా, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడినా, చంకలో గడ్డ తగిలినా అంతే. ఒక చనుమొన మీదే గజ్జి లాంటి పుండు వచ్చి, ఆయింట్‌మెంట్లు రాస్తున్నా తగ్గకపోతే అది ప్యాజెట్ వ్యాధి కావచ్చు. అది ఒక రకం క్యాన్సర్.

డాక్టర్ చేత్తో చూసి అల్ట్రాసౌండ్, వయసును బట్టి మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) రాస్తారు. అవసరమైతే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఇలా వచ్చినవాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. మగవాళ్లకూ, అరుదుగానే అయినా, ఈ క్యాన్సర్ వస్తుంది. చనుమొన వెనక గట్టిగా గడ్డ తగిలితే వాళ్లూ ఆలస్యం చేయకుండా రావాలి.