లిఫ్ట్ కిట్లు, పెద్ద టైర్లు: మా షెడ్డుకొచ్చే అపోహలు, కింద పడుకుని చూసిన వాస్తవాలు

మా నాయనది లారీల కమాను పని. విరిగిన పట్టీ తీసి కొత్తది వేయడం, వాలిపోయిన పట్టీకి మళ్లీ వంపు కొట్టడం, జనాన్ని ఎక్కించుకునే జీపులకు అదనపు పట్టీ ఎక్కించడం. నెల్లూరులోని అదే షెడ్డులో నేనిప్పుడు థార్లు, జిమ్నీలు, గూర్ఖాలు, పాత జిప్సీలు లేపుతున్నాను. లేపడమంటే స్ప్రింగులు, షాకులు (షాక్ అబ్జార్బర్లు) మార్చి బండి ఎత్తు పెంచడం, ఆ సామాను సెట్టే లిఫ్ట్ కిట్టు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల నుంచి వస్తాయి, ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువుల నుంచి వస్తాయి, ఒంగోలు కుర్రాళ్లు శనివారాల్లో వరసగా తెస్తారు. అందరూ అడిగేది ఒకటే: "అన్నా, మూడంగుళాలు లేపి 33 టైర్లు వేసెయ్." 33 అంటే టైరు మొత్తం ఎత్తు, అంగుళాల్లో. ఎందుకయ్యా అంటే చెప్పే కారణాల్లో సగం నిలబడవు. నాకు గిరాకీ తగ్గినా ఫర్లేదని అవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: లిఫ్ట్ వేస్తే కింద రాయి తగలదు

బండిని రెండంగుళాలు లేపితే లేచేది చాసిస్, దాని మీదున్న బాడీ. వెనక ఇరుసు లేవదు. థార్‌కైనా, బొలెరోకైనా, జిమ్నీకైనా వెనక ఉండేది గట్టి ఇరుసు. రెండు చక్రాలకూ కలిపి ఒకటే దూలం, దాని నడుమ ఇంజిను శక్తిని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ గుండు. బాటలో రాయి ముందుగా తగిలేది చాలాసార్లు ఆ గుండుకే. స్ప్రింగు మీద మీరేం పెట్టినా అది ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపేది ఒక్క టైరే. జిమ్నీకి ముందు కూడా గట్టి ఇరుసే కాబట్టి ముందూ ఇదే కథ.

టైరు ఎంత లేపుతుందో లెక్క వేద్దాం. థార్‌లో 16 రిమ్ముతో వచ్చే కంపెనీ టైరు 245/75 ఆర్16. 245 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. అందులో 75 శాతం అంటే సుమారు 184 మిల్లీమీటర్లు, అది ఒక పక్క గోడ ఎత్తు. పైనా కిందా కలిపి 368. 16 అంగుళాల రిమ్ము 406. మొత్తం 774. దాన్ని తీసి, మన వాళ్లు 33 అని పిలిచే 285/75 ఆర్16 వేస్తే 834 వస్తుంది. తేడా 60. ఇరుసు ఉండేది చక్రం మధ్యలో కాబట్టి అది లేచేది అందులో సగం, 30 మిల్లీమీటర్లు. స్టెప్నీతో కలిపి ఐదు టైర్లు కొని, లిఫ్ట్ కిట్టు కొని, మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ కోయించి, చివరికి గుండు కింద సంపాదించింది మూడు సెంటీమీటర్లు.

మరి లిఫ్ట్ దేనికంటే, నడుముకు. చెరువు గట్టు ఎక్కి అవతలికి దిగేటప్పుడు ముందు చక్రాలు దాటాక బండి మధ్యభాగం గట్టు మీద ఆనుకుని ఊగుతుంది చూడండి, అక్కడ లిఫ్ట్ పనికొస్తుంది. ముందు బంపరు గట్టుకు గుద్దుకునే చోట పనికొస్తుంది. పెద్ద టైరు తిరగడానికి చోటు ఇస్తుంది. అందుకే నేను బండి రాగానే కొలతలు అడగను, పైకి లేపి కింద గీతలు చూస్తాను. గీతలు గుండు మీద ఉంటే టైరు మాట్లాడుకుందాం. చాసిస్ మీద, ఫుట్‌బోర్డు కింద ఉంటే లిఫ్ట్ మాట్లాడుకుందాం. అసలు గీతలే లేకపోతే టీ తాగి వెళ్లమంటాను. అలాంటి బండ్లు తక్కువేం కాదు.

అపోహ: ఎత్తు బండి ఇసుకలో దిగబడదు

మైపాడు దగ్గర, కొత్తపట్నం దగ్గర ఇసుకలో దిగబడిన బండ్లు చాలా లాగాను. వాటిలో లిఫ్ట్ వేసినవీ ఉన్నాయి, వేయనివీ ఉన్నాయి. దాదాపు అన్నిటిలోనూ కామన్‌గా ఉండేది ఒకటే, టైర్లలో రోడ్డు గాలి. 30 చిల్లర పీఎస్ఐతో గట్టిగా ఉన్న టైరు పొడి ఇసుకను కోసుకుంటూ కిందికి పోతుంది. అదే టైరును 15 నుంచి 18కి దించితే పాదం పరుచుకుంటుంది. వెడల్పు పెద్దగా పెరగదు, పొడవు పెరుగుతుంది. ఒంటె పాదంలాగా బరువు ఎక్కువ చోటు మీద పడుతుంది. పైసా ఖర్చు లేని పని ఇది, చేతిలో గాలి మీటరు ఉంటే చాలు.

12 కంటే కిందికి పోవద్దు. మామూలు రిమ్ముల మీద మలుపులో టైరు అంచు ఊడి వస్తుంది, ఆ ఎండలో దాన్ని మళ్లీ ఎక్కించడం చూడ్డానికి బాగుంటుంది, చేయడానికి బాగుండదు. ఇంకొకటి, ఇసుక దాటి తారు ఎక్కగానే గాలి పట్టాలి. 16 పీఎస్ఐతో హైవే ఎక్కి 90లో పోతే టైరు పక్క గోడలు వేడెక్కి చీలిపోతాయి. చిన్న కంప్రెసర్ డిక్కీలో పడేసుకోండి, లిఫ్ట్ కిట్టు ఖర్చులో అది చిల్లర.

ఈ తీరంలో జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో బండిని ఇసుక మీదికి దించకండి. ఇది మెకానిక్కు మాట కాదనుకోండి, అయినా చెప్తున్నాను.

అపోహ: పెద్ద టైరంటే మడ్ టైరే

పెద్ద గడులున్న మడ్ టైరు పుట్టింది బురద కోసం. చెరువు గట్ల మీద, వాన పడ్డాక ప్రకాశం నల్లరేగడిలో దానికి తిరుగులేదు. ఆ మట్టి మామూలు టైరు గాడుల్లో బంకలా పట్టుకుని, రెండు చుట్లు తిరిగేసరికి టైరును నున్నటి గుండ్రాయిని చేస్తుంది. మడ్ టైరు తిరిగే వేగానికి ఆ మట్టిని విసిరేసుకుంటుంది. కానీ అదే టైరు పొడి ఇసుకలో యాక్సిలరేటర్ తొక్కితే పారలా గొయ్యి తవ్వుతుంది. తడిసిన తారు మీద పట్టు తక్కువ, 80 దాటాక హోరు. వారానికి ఆరు రోజులు హైవే మీద, ఒక రోజు గట్ల మీద తిరిగేవాళ్లకు నేను రోడ్డుకూ మట్టికీ రెండిటికీ పనికొచ్చే ఆల్ టెరైన్ టైరే చెప్తాను. రోజూ బురదలో తిరిగే రొయ్యల రైతుకు మడ్ టైరు, అదీ మరీ వెడల్పు లేనిది. సన్న టైరు మెత్తటి పై బురదను కోసుకుని కింద గట్టినేలను పట్టుకుంటుంది, కింద గట్టినేలంటూ ఉంటే.

అపోహ: స్పేసర్ పెడితే చాలు, కిట్టంతా దండగ

ఎక్కువ మంది ఇక్కడే దెబ్బ తింటారు. కొంచెం వివరంగా చెప్తాను.

స్పేసరంటే స్ప్రింగు మీదో, షాకు పైనో పెట్టే దిమ్మ. 2020లో వచ్చిన థార్‌కు ముందు వైపు గట్టి ఇరుసు లేదు, రెండు చక్రాలూ వేటికవే కదులుతాయి. షాకు చక్రం దగ్గర కాకుండా, చక్రాన్ని చాసిస్‌కు కలిపే ఆర్మ్ మధ్యలో కూర్చుంటుంది. అందుకే షాకు పైన అంగుళం దిమ్మ పెడితే చక్రం దగ్గర లేచేది అంగుళం కంటే ఎక్కువే. ఇది తెలియక రెండంగుళాల దిమ్మ పెట్టించుకుని వచ్చిన బండి చూశాను. ఏ ఊళ్లో చేయించాడో వద్దులెండి. చక్రానికి శక్తినిచ్చే డ్రైవ్ షాఫ్టులు మోచేయి వంచినట్టు వంగి ఉన్నాయి. ఆ వంపులో జాయింటు మీది రబ్బరు బూటు ఎప్పుడూ నలుగుతూనే ఉంటుంది. చివరికి చీలి గ్రీజు కారిపోతుంది, లోపలికి ఇసుక పోతుంది, మలుపులో టకటక మొదలవుతుంది. ఇలా వేరువేరుగా కదిలే ముందు చక్రాలున్న బండిని చక్రం దగ్గర రెండంగుళాలకు మించి లేపాలంటే డిఫరెన్షియల్‌ను కూడా కిందికి దించాలి, లేదంటే ఆ కోరిక మానుకోవాలి. మానుకోమనే చెప్తాను.

వెనక వేరే గొడవ. పొడుగు స్ప్రింగు వేసి పాత షాకు అలాగే ఉంచితే, చక్రం గుంటలోకి వేలాడినప్పుడు షాకు పూర్తిగా చాచుకుపోయి "ఠక్" మంటుంది. ఇరుసు బరువంతా ఆ షాకు మీదే వేలాడుతుంది. బ్రేకు గొట్టం బిగుసుకుంటుంది. లిఫ్ట్ అయ్యాక బండి పైకెత్తి, చక్రాలు పూర్తిగా వేలాడదీసి, స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి బ్రేకు గొట్టాలు చేత్తో పట్టుకుని చూడండి. వీణ తీగలా ఉంటే ఆ బండిని షెడ్డు దాటించకండి.

గట్టి ఇరుసుల బండ్లలో క్యాస్టర్ అని ఒకటుంది. సైకిలు ముందు ఫోర్కు నిటారుగా ఉండదు, కాస్త వెనక్కి వాలి ఉంటుంది. అందుకే హ్యాండిలు వదిలినా కొంతదూరం తిన్నగా పోతుంది. బండికీ ఆ వాలు ఉంది. జిమ్నీని లేపితే ఆర్ములు కిందికి వాలి, ఇరుసు తిరిగి, ఆ వాలు తగ్గిపోతుంది. తొలిరోజుల్లో నేనే ఒక జిప్సీకి ముందు పొడుగు షాకిల్ (కమాను చివరను చాసిస్‌కు కలిపే ముక్క) వేసి పంపాను. రెండో రోజే ఓనరు వచ్చి, "ఏందబ్బయ్యా, హైవే మీద స్టీరింగు నా మాట వినడంలేదు, టెన్షన్‌తో చెమటలు పట్టాయి" అన్నాడు. మా నాయన చూసి ఏమీ అనలేదు, కమానుకూ ఇరుసుకూ మధ్య చెక్కుముక్కలా ఏటవాలుగా ఉన్న ఇనుప ముక్క తెచ్చి పెట్టించాడు. బండి దారికొచ్చింది. జిమ్నీకైతే అదే పనికి క్యాస్టర్ సరిచేసే బుష్‌లు దొరుకుతాయి. పైగా ఇరుసును పక్కకు పోకుండా పట్టే అడ్డ కడ్డీ ఒకటుంది. బండి లేస్తే అది ఏటవాలై ఇరుసును ఒక పక్కకు లాగుతుంది. వెనక నుంచి చూస్తే ఒక టైరు బయటికి, ఒకటి లోపలికి కనిపిస్తుంది. పొడవు సవరించుకునే కడ్డీ వేస్తేనే సరి.

ఇవన్నీ కలిపితే దాన్ని కిట్టంటారు. కొనలేకపోతే అర అంగుళం, ముప్పావు అంగుళంతో ఆగండి.

అపోహ: మైలేజీ కాస్త తగ్గుతుంది, అంతేగా

అంతే కాదు. పైన చెప్పిన 774 నుంచి 834కి పోతే చుట్టుకొలత దాదాపు 8 శాతం పెరుగుతుంది. మీటరు 100 చూపిస్తే మీరు పోయేది 108లో. ఓడోమీటరు తక్కువ తిరుగుతుంది కాబట్టి మైలేజీ ఉన్నదానికంటే ఘోరంగా కనిపిస్తుంది, సర్వీసు కిలోమీటర్లూ తప్పుతాయి. అన్ని గేర్లూ 8 శాతం బరువెక్కినట్టే. థార్ డీజిల్ ఈడ్చుకుపోతుంది. 134 న్యూటన్ మీటర్ల టార్కున్న జిమ్నీకి 235/75 ఆర్15 వేస్తే రాపూరు ఘాటులో ఒక గేరు కిందే పోవాలి. జిమ్నీకి 215/75 ఆర్15 చాలంటాను. అది కంపెనీ టైరుకంటే 10 మిల్లీమీటర్లే పెద్దది, లిఫ్ట్ లేకుండానే పడుతుంది. ఇక బ్రేకులు. బరువైన టైరును ఆపడానికి అవే పాత డిస్కులు, అవే ప్యాడ్లు. మొదటి వారం ముందు బండికి దూరం పాటించండి.

అపోహ: ఎత్తు పెంచాం కదా, చప్టా మీద నీళ్లు ఎంతున్నా దాటేస్తుంది

2021 నవంబరులో పెన్న హైవేనే తెంచేసిన సంగతి నెల్లూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. రెండంగుళాల లిఫ్ట్ నీళ్లలో మీకిచ్చేది రెండంగుళాలే. నీళ్లు ఫ్లోరు దాటి పైకొచ్చే కొద్దీ, ప్రతి 10 సెంటీమీటర్లకూ సుమారు నాలుగైదు వందల కిలోల బరువును మోస్తాయి. టన్నూ ఏడు వందల బండి కూడా తేలుతుంది. ఒకసారి టైరు పట్టు వదిలితే ప్రవాహం పక్కకు తోసేస్తుంది. నిండా గాలున్న పెద్ద టైర్లు తేలడానికి ఇంకాస్త సాయపడతాయి కూడా. చెరువుల ఉప్పునీళ్లలో తిరిగితే ఇంటికి రాగానే కింద మంచినీళ్లు కొట్టండి.

అపోహ: అందరూ చేయించుకుంటున్నారు, ఎవరూ ఏమీ అనరు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 182ఏ సెక్షను కింద ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. మా షెడ్డుకు వచ్చేవాళ్లకు పని మొదలుపెట్టకముందే ఈ మాట చెప్తాను. ఆర్టీఓలో, ఇన్సూరెన్సులో అడిగి రమ్మంటాను, ఎందుకంటే ప్రమాదం జరిగిన రోజు సర్వేయరు చూసేది టైరు సైజే. తలనొప్పి వద్దనుకుంటే మీ మోడలుకు కంపెనీయే ఇచ్చిన పెద్ద సైజు దగ్గర ఆగండి. 16 రిమ్ము థార్‌కు 18 రిమ్ముతో 255/65 కంపెనీయే ఇస్తుంది, దాని ఎత్తు 789. ఇరుసు ఏడు మిల్లీమీటర్లు లేస్తుంది.

ఇక చిన్నవి రెండు, అపోహలు కావు, మరిచిపోయేవి. ముందు లేపితే లైట్లు ఎదుటివాడి కళ్లలో పడతాయి, మైపాడు సింగిల్ రోడ్డు మీద రాత్రి ఎదురొచ్చే ఆటోవాడు మిమ్మల్ని తిట్టే తిట్లు మీకు వినపడవు. హెడ్‌లైటు వెనక స్క్రూ తిప్పి దించండి. రెండోది జాకీ. కంపెనీ జాకీ పాత ఎత్తుకు సరిపోయేది. లేపిన బండికి అది చివరిదాకా లేచినా కొత్త చక్రం నేల వదలదు. ఈ సంగతి రాత్రి పదకొండు గంటలకు, పంక్చరయ్యాక, హైవే పక్కన నిలబడి నాకు ఫోన్ చేసినవాళ్లు ఇప్పటికి నలుగురు. ఇప్పుడైతే బండి అప్పగించేటప్పుడు వాళ్ల జాకీతోనే ఒక చక్రం విప్పించి, స్టెప్నీ వేయించి పంపిస్తున్నాను.