షోకేసులో దాచిన రెడ్ వైన్: అపోహలు, వాస్తవాలు

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌పూర్‌లలో మన తెలుగువారి ఇళ్లకు వెళ్లినప్పుడు, కొడుకో అల్లుడో విదేశం నుంచి తెచ్చిన రెడ్ వైన్ సీసా షోకేసులో నిలబెట్టి ఉండడం తరచుగా చూస్తుంటాను. "వైన్ ఎంత పాతబడితే అంత మంచిదట కదా" అని ఇంటివారు ఆశగా అడుగుతారు. నాసిక్‌లో ఒక వైనరీ సెల్లార్‌లో 12 ఏళ్లు పనిచేసిన నాకు తెలిసినంతలో, జనానికి అన్నిటికంటే ఎక్కువ నష్టం తెచ్చిన అపోహ ఇదే.

దుకాణాల్లో దొరికే వైన్లలో చాలా భాగం కొన్నేళ్లలోపే తాగేయడానికి తయారుచేసినవి. టానిన్ (ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే వగరు), పులుపు, పండు సారం మూడూ దండిగా ఉన్న ఫ్రాన్స్‌లోని బోర్డో, ఇటలీలోని బరోలో ప్రాంతాల మంచి వైన్ల వంటివే పది, ఇరవై ఏళ్లు నిలిచి మెత్తబడతాయి. అవైనా 12 నుంచి 14 డిగ్రీల నిలకడైన చల్లదనంలో, చీకట్లో, కార్కు ఎండిపోకుండా పడుకోబెట్టి ఉంచితేనే. మే నెలలో 45 డిగ్రీలు దాటే మన ఊళ్లలో వైన్ వేడికి వ్యాకోచించి కార్కును పైకి నెడుతుంది, చల్లబడినప్పుడు గాలిని లోపలికి లాగుతుంది. ఏటా ఇదే జరిగితే వైన్ పండదు, పాడవుతుంది.

గనిలో పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక పెద్దాయన, మనవరాలి పెళ్లికని 11 ఏళ్లు దాచిన సీసాను నా దగ్గరకు తెచ్చారు. కార్కు పైకి లేచింది, దాని చుట్టూ వైన్ కారి ఎండిన జిగట మరక ఉంది. గ్లాసులో పోస్తే మట్టిరంగు, ఉడికిన పండ్ల వాసన, చివర వెనిగర్ ఘాటు. "నేనేం తప్పు చేశాను బాబూ?" అని ఆయన అడిగితే నాకు గొంతు పెగల్లేదు. తప్పు ఆయనది కాదు. 2015 నుంచి 2021 వరకు చంద్రపూర్ జిల్లాలో మద్యనిషేధం ఉండడంతో ఆయనకు అడిగి తెలుసుకునే చోటే లేకపోయింది.

అడుగున మడ్డి చేరితే వైన్ చెడిందనడం వట్టి పుకారు. టానిన్, రంగు పదార్థాలు కలిసి అలా దిగుతాయి. తెరిచే ముందు రోజు సీసాను నిలబెట్టి, మడ్డి కదలకుండా నెమ్మదిగా వంచితే చాలు. బాగా పాతదాన్ని గంటల తరబడి గాలికి వదిలితే పరిమళం పోతుంది. రెడ్ వైన్‌ను గది వేడిలోనే తాగాలన్నది చలిదేశాల గదులకు పుట్టిన మాట; ఇక్కడ కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి, 16 నుంచి 18 డిగ్రీల మధ్య తాగాలి.

మీ షోకేసులోనూ అలాంటి సీసా ఉంటే ముందు కార్కును చూడండి. అది లేవకుండా ఉంటే, వేసవి రాకముందే ఇంటిల్లిపాదీ ఉన్న రోజున తెరవండి.