మద్యనిషేధం నిలిచేదీ కూలేదీ ఖజానా దగ్గరే

ఐస్‌లాండ్‌లో 1989 మార్చి 1 దాకా బీరు అమ్మడం నేరం. అంతకన్నా ఎన్నో రెట్లు ఘాటైన వోడ్కా, బ్రాందీ మాత్రం 1935 నుంచీ ప్రభుత్వ దుకాణాల్లో దొరుకుతూనే ఉన్నాయి. ఈ వింత వెనుక చేపల వ్యాపారం ఉంది. 1908లో అక్కడి జనం ఓటేసి మరీ మద్యం వద్దన్నారు, 1915లో నిషేధం పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఆ దేశానికి బతుకుతెరువు ఉప్పు పట్టిన కాడ్ చేప. దాన్ని పెద్ద ఎత్తున కొనేది స్పెయిన్. మా వైన్ మీరు కొనకపోతే మీ చేపలు మాకొద్దని స్పెయిన్ పట్టుబట్టింది. 1922లో వైన్‌కు అనుమతి ఇవ్వక తప్పలేదు. 1935లో ఘాటు మద్యం మీద నిషేధమూ ఎత్తేశారు. బీరును మాత్రం ఆపారు, బాగా పలచటి రకం తప్ప. చవగ్గా దొరికితే కుర్రాళ్లూ కూలీలూ అలవాటు పడతారని భయం. ఆ భయంతోనే 54 ఏళ్లు గడిచాయి.

ఫలానా దేశంలో నిషేధం ఎందుకుంది, పక్క దేశంలో ఎందుకు లేదు అంటే వెంటనే మతం పేరో, ఆచారం పేరో చెబుతాం. అది కొంతవరకు నిజమే. కానీ వందేళ్ల చరిత్ర తిరగేస్తే నాకు ప్రతిచోటా ఎదురయ్యే ప్రశ్న ఇంకొకటి: మద్యం డబ్బు ఆగిపోతే ఆ ప్రభుత్వం దేంతో నడుస్తుంది?

అమెరికానే తీసుకోండి. ఒకప్పుడు అక్కడి కేంద్ర ప్రభుత్వ రాబడిలో దాదాపు మూడో వంతు మద్యం పన్నుదే. చర్చిలూ మహిళా సంఘాలూ దశాబ్దాల పాటు పోరాడినా దేశమంతటా నిషేధం రాలేదు. 1913లో ఆదాయపు పన్ను వచ్చింది, ఖజానాకు ఇంకో దారి దొరికింది. 1920 జనవరి 17న నిషేధం మొదలైంది. తయారీ, రవాణా, అమ్మకం నేరాలయ్యాయి కానీ తాగడం నేరం కాలేదు. ముందే కొని నిల్వ చేసుకున్న డబ్బున్నవాళ్లు ఇంట్లో నిశ్చింతగా తాగారు. మహామాంద్యంలో ఆదాయపు పన్ను రాబడి పడిపోయేసరికి మద్యం పన్ను మళ్లీ గుర్తొచ్చింది. 1933 డిసెంబర్ 5న నిషేధం పోయింది. మిసిసిపీ రాష్ట్రం మాత్రం 1966 దాకా పట్టు విడవలేదు.

రష్యాది ఇంకా పెద్ద దెబ్బ. 1914లో యుద్ధం రాగానే జార్ చక్రవర్తి వోడ్కా అమ్మకం ఆపేశాడు. అప్పటికి ఖజానాకు వచ్చే డబ్బులో పాతిక శాతానికి పైగా ప్రభుత్వం చేతిలోని వోడ్కా వ్యాపారానిదే. 1925లో సోవియట్ ప్రభుత్వమే దాన్ని తిరిగి తెచ్చింది. 1985లో సోవియట్ నేత గోర్బచేవ్ మళ్లీ ఆంక్షలు పెట్టాడు. మగవాళ్ల సగటు ఆయుర్దాయం నిజంగానే పెరిగింది. ఇది చిన్న విషయం కాదు. కానీ ఇళ్లలో సారా కాచుకోవడానికి జనం ఎగబడితే దుకాణాల్లో పంచదార కరువైంది. చమురు ధర పడిపోయిన రోజుల్లోనే మద్యం రాబడీ పడిపోయింది. 1988 నాటికి సడలింపులు మొదలయ్యాయి.

స్వీడన్ వేరే దారి పట్టింది. 1917లో అక్కడ మద్యం కొనాలంటే పాస్‌బుక్ ఉండాలి. మనిషికి సంపాదన ఎంత, ఇల్లు ఉందా, తాగి గొడవ చేసిన చరిత్ర ఉందా అని విచారించి పుస్తకం ఇచ్చేవారు. కొన్న ప్రతి సీసా అందులో ఎక్కేది. పెళ్లయిన ఆడవాళ్లకు సాధారణంగా ఇచ్చేవారు కాదు, భర్త పుస్తకమే ఇంటికంతటికీ. 1922లో పూర్తి నిషేధం మీద ఓటింగ్ పెడితే వద్దన్నవాళ్లు 51 శాతం, కావాలన్నవాళ్లు 49 శాతం. పాస్‌బుక్ 1955లో పోయింది, ప్రభుత్వ దుకాణం మిగిలింది. ఇప్పటికీ ఆల్కహాల్ మూడున్నర శాతం దాటిన బీరు కొనాలంటే సాధారణంగా అక్కడికే వెళ్లాలి. శనివారం మధ్యాహ్నం మూడింటికల్లా మూసేస్తారు, ఆదివారం తీయరు. డిస్కౌంట్లు, ఆఫర్లు ఉండవు. అమ్మకం పెంచాలన్న టార్గెట్ ఎవరికీ ఉండదు. ప్రభుత్వమే మద్యం అమ్మడం అనే మాటకు అక్కడున్న అర్థం ఇది.

గల్ఫ్ సంగతి వేరు. 1951లో జెడ్డాలో ఒక సౌదీ యువరాజు మద్యం మత్తులో బ్రిటిష్ వైస్ కాన్సుల్‌ను కాల్చి చంపాడు. మరుసటి ఏడాది రాజు అబ్దుల్ అజీజ్ విదేశీయులకు కూడా మద్యం దొరక్కుండా చేశాడు. కువైట్ 1960ల్లో అదే బాట పట్టింది. మతం చెప్పిందే చేశారు, కానీ చమురు డబ్బు ఉండబట్టి ఖజానాకు నొప్పి తెలియలేదు. నొప్పి తెలిసింది కూలీలకు. 2025 ఆగస్టులో కువైట్‌లో కల్తీ మద్యం తాగి 23 మంది చనిపోయారు. బాధితులంతా ఆసియా దేశాల వాళ్లు. దొంగచాటు సారాలో కలిసే మిథనాల్ ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. మొదట కంటిచూపు పోతుంది, తర్వాత ప్రాణం. కడప, గోదావరి జిల్లాల నుంచి వేలమంది డ్రైవర్లుగా, ఇంటిపనివాళ్లుగా వెళ్లే దేశం అది. విదేశీ దౌత్యవేత్తల కోసం సౌదీ రాజధాని రియాద్‌లో 2024లో ఒక మద్యం దుకాణం తెరిచారు. క్యాంపుల్లో ఉండే కూలీకి అందులో ప్రవేశం లేదు.

ఇక మన దగ్గర. 1937లో రాజాజీ సేలం జిల్లాలో నిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడాది చిత్తూరు, కడపలకు తెచ్చారు. పోయిన ఆబ్కారీ రాబడిని పూడ్చడానికి 1939లో మద్రాసు ప్రెసిడెన్సీలో అమ్మకపు పన్ను వేశారు. తర్వాత నిషేధం పోయింది, పన్ను మాత్రం ఉండిపోయింది. ఆంధ్ర రాష్ట్రం పుట్టిన ఏడాదికే, 1954 నవంబర్‌లో, నిషేధం ఉంచాలా తీసేయాలా అన్న గొడవలోనే ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వచ్చే ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ కబురు జిల్లాలు దాటింది, సారా వేలం పాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ హయాంలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. ఈసారి రాజాజీ చేసినట్టు వేరే రాబడి చూసుకున్నవాళ్లు లేరు. 1996లో కిలో రెండు రూపాయల బియ్యాన్ని మూడున్నర చేశారు, కరెంటు చార్జీలు పెంచారు. పక్క రాష్ట్రాల నుంచి, యానాం నుంచి సీసాలు వస్తూనే ఉన్నాయి. 1997లో నిషేధం ఎత్తేశారు. ఆ ఆడవాళ్లు అడిగింది ఇంటికొచ్చే కూలి డబ్బు సారా కొట్టుకు పోకూడదని. వాళ్ల కోరిక తప్పని ఎవరూ రుజువు చేయలేదు. సర్కారుకు గిట్టుబాటు కాలేదు, అంతే.

2019లో దశలవారీ నిషేధం అన్న హామీతో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ దుకాణాలు వచ్చాయి. స్వీడన్ తరహా అని కొందరు ఆశపడ్డారు. 2022లో మద్యం వ్యాపారం చూసే ప్రభుత్వ సంస్థ బెవరేజెస్ కార్పొరేషన్ బాండ్ల మీద రూ.8 వేల కోట్లకు పైగా అప్పు తెచ్చింది. రేపటి మద్యం రాబడిని చూపించి ఇవాళ అప్పు తెచ్చాక ఆ అమ్మకాలను తగ్గించే ప్రభుత్వం ఉంటుందా? 2024 అక్టోబర్‌లో దుకాణాలు మళ్లీ ప్రైవేటు చేతికి వెళ్లాయి, రూ.99కే క్వార్టర్ వచ్చింది. 3,396 దుకాణాలకు లాటరీ తీస్తే దరఖాస్తులు 90 వేల దగ్గరికి చేరాయి. ఒక్కో దరఖాస్తుకు రూ.2 లక్షలు. లాటరీలో పేరు రానివాళ్లకు ఆ డబ్బు తిరిగి ఇవ్వరు. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు చేరింది దాదాపు రూ.1,800 కోట్లు.