"ఆడించడానికా మేడం ఫీజు కట్టింది?" : ఒక ప్లేస్కూల్ టీచర్ అపోహలు - వాస్తవాలు

గుంటూరులో చిన్న ప్లేస్కూల్ నడపబట్టి 14 ఏళ్ళయింది. జూన్‌లో అడ్మిషన్ల కోసం వచ్చినవాళ్ళకి క్లాస్‌రూం కంటే ముందు వెనక పెరడు చూపిస్తా, ఇసుక గుంట, వేపచెట్టు, నాలుగు పాత టైర్లు, అంతే. కొందరికి మొహం వెలిగిపోతుంది, కొందరు మాత్రం మెల్లగా "ఇవన్నీ సరే మేడం, ఎల్కేజీకెళ్ళేలోపు ఏబీసీడీలు రాస్తాడా" అంటారు. ఒకాయనైతే "ఆడుకోడానికి మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ఉందిగా, ఇక్కడ ఫీజెందుకు" అన్నాడు. డబ్బు కట్టేవాళ్ళకి ఆ డౌట్ రావడంలో తప్పేం లేదు, అందుకే ఎక్కువగా వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నా.

అపోహ: మూడేళ్ళకే పెన్సిల్ పట్టిస్తే రాత తొందరగా వస్తుంది

దీని గురించి కాస్త ఎక్కువ చెప్తా, ఏమనుకోకండి. మన మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. మూడేళ్ళ పిల్లాడికి ఎక్స్‌రే తీస్తే వాటిలో మూడో నాలుగో కనిపిస్తాయి, మిగతావి ఇంకా ఎముకగా గట్టిపడి ఉండవు. ఆ చేత్తో నాలుగు గీతల కాపీలో పేజీ నింపమంటే వాడు పిడికిలి బిగించి భుజం మొత్తం ఊపుతూ రాస్తాడు, ఐదు నిమిషాలకే చెయ్యి నొప్పంటాడు, మనమేమో బద్ధకం అనేస్తాం. అసలు రాత వేళ్ళతో మొదలవ్వదు. నడుం, భుజం గట్టిపడితే చెయ్యి నిలుస్తుంది, చెయ్యి నిలిస్తే అప్పుడు వేళ్ళు మాట వింటాయి. ఆ భుజం గట్టిపడేది కొమ్మ పట్టుకుని వేలాడితే, సగం బకెట్ నీళ్ళు మోస్తే, టైరు లాగితే.

వేళ్ళ సంగతికొస్తే మన పిచ్చుక గూళ్ళు చూడండి. పాదం మీద తడి ఇసుక కప్పి, అరచేత్తో తట్టి తట్టి, గూడు కూలకుండా కాలు బయటికి లాగాలి. నీళ్ళు తక్కువైతే రాలిపోద్ది, ఎక్కువైతే జారిపోద్ది, తొందరపడితే మొత్తం కూలిపోద్ది. నాలుగేళ్ళ పిల్ల అది పదిసార్లు కూలగొట్టుకుని పదకొండోసారి నిలబెడితే, ఎంత బలం పెట్టాలో చేతికి తెలిసిపోయినట్టే, పెన్సిల్ పట్టుకోడానికి కావాల్సిందీ అదే.

ఒక పిల్లాడు చేరినప్పుడు పెన్సిల్ కనపడితే బల్ల కింద దూరేవాడు. వాళ్ళమ్మని బతిమాలి మూడు నెలలు ఇంట్లో రాత ఆపించా, ఇక్కడ రోజూ బకెట్లు, టైర్లు, ఇసుక. సంక్రాంతి సెలవులయ్యాక ఒకరోజు పుల్లతో ఇసుకలో ఏదో గీసి "టీచర్ రా" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు, చూస్తే వాడి పేరులో మొదటి అక్షరం, తిరగేసి రాశాడనుకోండి! ఒక్క పిల్లాడితో ఏదీ రుజువవదు, నాకూ తెలుసు, కానీ ఇలాంటివాళ్ళని ఏటా చూస్తున్నా.

కుదురుగా కూర్చోడం కూడా ఇంతే. చెవి లోపల బ్యాలెన్స్ చూసుకునే భాగం ఒకటుంటుంది, ఊగడం, దొర్లడం, గిరగిరా తిరగడం దానికి మేత. ఇద్దరు చేతులు పట్టుకుని ఒప్పులకుప్ప తిరిగేది ఊరికే కాదు. నేల-బండలో ఇంకోటి ఉంది, కిందకి దిగాలని మనసు పీకుతున్నా దొంగ పక్కకెళ్ళేదాకా బండ మీదే ఆగాలి. ఆ ఆగడం వచ్చినోళ్ళే తర్వాత క్లాసులో తమ వంతు వచ్చేదాకా ఆగుతారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా 3 నుంచి 8 ఏళ్ళ వరకు ఆటల ద్వారానే నేర్పమంటోంది, ఇదేదో నా సొంత పైత్యం కాదన్నమాట.

అపోహ: ఎండలోకి పంపితే నల్లబడతారు, కావాలంటే బాల్కనీలో ఆడుకుంటార్లే

నల్లబడతారు, నిజమే, అయితే ఏంటట? ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో ఈ మాట ఎక్కువ వింటా, వినగానే కోపమొస్తుంది, సరే వదిలేద్దాం. కళ్ళ సంగతి చూడండి. చైనాలోని గ్వాంగ్జౌలో 12 స్కూళ్ళలో ఒకటో తరగతి పిల్లల మీద ఒక స్టడీ చేశారు, సగం స్కూళ్ళలో రోజూ అదనంగా 40 నిమిషాలు బయట గడిపించారు. మూడేళ్ళ తర్వాత చూస్తే మామూలు స్కూళ్ళలో 39.5 శాతం మందికి దూరం చూపు మసకబారే మయోపియా వచ్చింది, బయట ఎక్కువ తిప్పిన స్కూళ్ళలో 30.4 శాతం మందికి. 2015లో వచ్చిన రిజల్ట్ అది. వాళ్ళు మన పిల్లల కంటే కొంచెం పెద్దవాళ్ళే అనుకోండి, అయినా లెక్కలోకి తీసుకోవాల్సిన విషయమే. చెట్టు నీడలో ఉండే వెలుతురు కూడా క్లాస్‌రూం ట్యూబ్‌లైట్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, కాబట్టి మండుటెండలో నిలబెట్టక్కర్లేదు. ఇక బాల్కనీకి గాజు తలుపులు వేసేసుంటే లోపలికి వెలుతురు వస్తుంది గానీ విటమిన్ డి తయారుచేసే కిరణాల్ని ఆ గాజు ఆపేస్తుంది.

అపోహ: మట్టిలో ఆడితే రోగాలు, వానలో తడిస్తే జలుబు

జలుబు వైరస్ వల్ల వస్తుంది, తలుపులేసిన ఏసీ గదిలో ఇరవై మంది పిల్లలు ఒకరి మీద ఒకరు తుమ్ముకుంటుంటే అక్కడే తొందరగా అంటుకుంటుంది. మట్టి విషయంలో మాత్రం సగం నిజముంది, దాచను. నులిపురుగులు మట్టి నుంచే వస్తాయి, కొంకిపురుగు ఉత్తి కాళ్ళతో నడిస్తే చర్మంలోంచే లోపలికి పోతుంది. బహిర్భూమికి వాడే చోటుకి, మురిక్కాలవ పక్కకి అస్సలు పంపకండి. అందుకే మేం రాత్రిపూట ఇసుక గుంట మీద టార్పాలిన్ కప్పుతాం (లేకపోతే పిల్లులు వచ్చి పని కానిచ్చి పోతాయి), లోపలికొచ్చేముందు చేతులు కాళ్ళు సబ్బుతో కడిగిస్తాం, నులిపురుగుల నివారణ దినం వచ్చినప్పుడు ఆల్బెండజోల్ మాత్ర మిస్ కానివ్వం, ధనుర్వాతం రాకుండా కూడా కాపాడే డీపీటీ టీకా బూస్టర్లు పడ్డాయో లేదో కార్డు చూస్తాం. ఇవి పాటిస్తే మంచి మట్టికి భయపడక్కర్లేదు. ఫిన్లాండులో డేకేర్ పెరళ్ళలో అడవి మట్టి, గడ్డి తెచ్చి పరిచి ఆడిస్తే 28 రోజుల్లోనే పిల్లల చర్మం మీద ఉండే మంచి సూక్ష్మజీవుల్లో వైవిధ్యం పెరిగిందట.

అపోహ: ట్యాబ్‌లో ఎడ్యుకేషనల్ గేమ్స్ ఆడుతున్నాడుగా

3, 4 ఏళ్ళ పిల్లలు రోజుకి 180 నిమిషాలు ఒళ్ళు కదిలించాలని, అందులో 60 నిమిషాలైనా ఆయాసం వచ్చేలా ఉండాలని, స్క్రీన్ గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన ఇళ్ళలో లెక్క ఎలా ఉందో మీకే తెలుసు.

ఇంకో అపోహ ఉంది, ఇది మాలాంటి ఆటల పిచ్చోళ్ళది: బయట వదిలేస్తే చాలు, అన్నీ అవే వచ్చేస్తాయి అని

రావు. ఎవరో ఒకరు చూస్తుండాలి, ఊరికే "పడతావ్ పడతావ్" అని అరవకుండా. పిల్లాడు తనంతట తాను ఎక్కగలిగినంత ఎత్తు వరకు ఎక్కనిస్తాం, మనం ఎత్తి పైన కూర్చోబెట్టం, దిగడం రానిచోటికి పంపించం. మోకాలు గీరుకుంటే సర్లే అంటాం, తుప్పు పట్టిన మేకు, మూతలేని సంపు కనపడితే మాత్రం ఆ రోజు ఆట బంద్. టైర్లలో వాననీళ్ళు నిలిస్తే డెంగ్యూ దోమలొస్తాయి, అడుగున బెజ్జాలు పెట్టించండి. మా ఊరి ఏప్రిల్, మే ఎండలకి ఎనిమిదిన్నర దాటితే ఆట లేదు, రేకు జారుడుబల్ల మీద ముందు మీ ముంజెయ్యి ఆనించి చూడండి, మీకు చురుక్కుమంటే పిల్లలకి వాత పడ్డట్టే.

బ్యాగులో ఒక జత పాత బట్టలు పెట్టి పంపండి. తెల్ల ఫ్రాకులు మాత్రం వద్దమ్మా, వాటి మరకలకి నా దగ్గర ఏ స్టడీ లేదు.