గీత గీసేనాడే అందరికీ చోటు

కనిగిరి ప్రాంతంలో బోరు నీళ్లలోని ఫ్లోరైడు ఏళ్ల తరబడి ఒంట్లో చేరి కీళ్లను బిగదీస్తుందన్న సంగతి ప్రకాశం జిల్లాలో తెలియనివారు అరుదు. అలా మోకాళ్లు వంగని ఒక తాత మనవరాలి బడికి వచ్చి, గుమ్మం ముందున్న మూడు మెట్ల దగ్గరే ఆగిపోయాడనుకుందాం. దేన్నైనా అందరూ వాడుకునేలా మొదటే గీయాలనే సార్వత్రిక రూపకల్పన (యూనివర్సల్ డిజైన్) లోపాన్ని ఆయన మోకాళ్లలో కాక ఆ మెట్లలో వెతుకుతుంది. చిన్ననాట పోలియో సోకి చక్రాల కుర్చీ వాడిన అమెరికా ఆర్కిటెక్టు రొనాల్డ్ మేస్ ఈ ఆలోచనకు ఆద్యుడు. ఆయన బృందం 1997లో దీనికి ఏడు సూత్రాలు కూర్చింది.

ర్యాంపు వాలుకు వాడుకలో ఉన్న కొలత 1:12, అంటే అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. ఆరంగుళాల మెట్లు మూడుంటే ఎత్తు 18 అంగుళాలు, ర్యాంపు పొడవు 18 అడుగులు. ప్లానులోనే చోటు వదలకపోతే చివరికి నాలుగైదు అడుగుల్లో నిటారుగా పోసే సిమెంటు వాలు హెడ్‌మాస్టరు గారి మోటారు సైకిలు ఎక్కడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

చదువుకూ ఇదే లెక్క. పాఠాన్ని చూసి, విని, తాకి తెలుసుకునే దారులూ, జవాబును రాసో చెప్పో చూపించే దారులూ ముందే ఉండాలని అమెరికాలో 1984లో మొదలైన కాస్ట్ (CAST) అనే విద్యా సంస్థ ప్రతిపాదించింది. మార్కాపురం పలక మీద గుండ్రంగా రాయలేని పిల్లవాడికి లెక్క రాదని తేల్చెయ్యడం తొందరపాటే.

తెలుగులో అసలు చిక్కు అక్షరాల దగ్గర ఉంది. పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంకేతాలకే తెలుగు ఆకారాలు తొడిగాయి. అలా కూర్చిన ప్రశ్నపత్రం కంటికి చక్కని తెలుగే; చూపులేని విద్యార్థి కంప్యూటరులో తెర మీది రాతను చదివి వినిపించే ఎన్‌వీడీఏ వంటి ఉచిత స్క్రీన్ రీడరు మాత్రం ఆకారాన్ని చూడదు, సంకేతాన్ని చదువుతుంది గనుక, అర్థంలేని ఇంగ్లీషు ముక్కలు వినిపిస్తుంది. ఒక్కో లిపి అక్షరాలకు వాటి సొంత సంకేతాలిచ్చే యూనికోడు 1991లో వెలువడిన తొలి కూర్పులోనే తెలుగుకు చోటిచ్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సార్వత్రిక రూపకల్పనను నిర్వచించింది కూడా. అయినా పేజీని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపే అలవాటు పోలేదు. యూనికోడులో టైపు చేసి పంపిన సర్క్యులరునైతే చదువురాని తల్లి కూడా ఫోనుచేత చదివించుకుని వినగలదు. పటాలకూ బొమ్మలకూ మాత్రం వివరణ విడిగా రాయాల్సిందే, ఆ పని పాఠం రాసినవారిదే. ఆ బొమ్మ అక్కడ ఎందుకు పెట్టారో వారికే తెలుసు.