మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి చూడండి: డేకేర్ గురించి అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో పధ్నాలుగేళ్ళుగా పసిపిల్లల డేకేర్ నడుపుతున్నాను. చూడ్డానికి వచ్చే తల్లిదండ్రులు గోడల మీద బొమ్మలు చూస్తారు, ఏసీ ఉందా అంటారు, ఫీజు అడుగుతారు. మీ బిడ్డను రోజంతా ఎత్తుకునే ఆయమ్మ పేరు అడిగేవాళ్ళు మాత్రం తక్కువ.

అపోహ: సీసీ కెమెరాలున్నాయి, ఫోన్లో చూసుకోవచ్చు. ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: పాకే బిడ్డ నోట్లో పల్లీ గింజ పెట్టుకుంటే తీయాల్సింది పక్కనున్న మనిషే, కెమెరా కాదు. అందుకే ముందు మనుషుల్ని లెక్కపెట్టండి. మూడేళ్ళలోపు పిల్లలు పదిమందికి ఒక శిక్షణ పొందిన మనిషి ఉండాలని కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2018 మార్గదర్శకాలు చెప్పాయి. నన్నడిగితే ఒక మనిషికి పదిమంది ఎక్కువే. ఏడాది నిండని వాళ్ళు నలుగురు ఒకేసారి ఏడుపు అందుకుంటే తెలుస్తుంది, ఆయమ్మకున్నవి రెండు చేతులేనని.

పొద్దున పదింటికి వెళితే ఏ సెంటరైనా ముచ్చటగానే ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి వెళ్ళండి, ఆయమ్మలు వంతులవారీగా అన్నం తినే వేళ. లేదంటే సాయంత్రం ఆరు దాటాక, సగం స్టాఫ్ ఇళ్ళకు బయల్దేరాక వెళ్ళండి. అప్పుడు పిల్లల దగ్గర ఎందరు మిగిలారు? పసివాళ్ళను వెల్లకిలా పడుకోబెట్టారా, మొహాల పక్కన దిండ్లూ దుప్పట్లూ పేరుకున్నాయా? డైపర్ మార్చిన చెయ్యి సబ్బుతో కడుక్కున్నాకే పాలసీసా పట్టుకుందా? ఓ పది నిమిషాలు నిలబడి ఇవి చూస్తే బ్రోషర్ చదవక్కర్లేదు. లోపలికి రానివ్వకపోతే, మీకు జవాబు గుమ్మంలోనే దొరికినట్టు.

అపోహ: ఈ తలనొప్పంతా ఎందుకు? ఇంట్లోనే ఆయాను పెట్టుకుంటే బిడ్డ కళ్ళముందే ఉంటాడు.

వాస్తవం: ఎవరి కళ్ళముందు? ఇద్దరూ ఆఫీసుకు వెళ్ళిపోతే ఇంట్లో రెండో మనిషే ఉండరు. నానమ్మో అమ్మమ్మో ఉంటే ఆ పద్ధతి నిజంగా బాగుంటుంది, కాదనను. లేకపోతే పోలీసు వెరిఫికేషన్ చేయించండి, ఆవిడ ఇదివరకు పనిచేసిన ఇంటికి స్వయంగా వెళ్ళి మాట్లాడండి.

అపోహ: దింపుతుంటే ఏడుస్తున్నాడు. అక్కడేదో తేడా ఉంది.

వాస్తవం: మొదటి రెండు మూడు వారాలు ఏడవని పిల్లలే అరుదు. కంటపడకుండా జారుకోకండి. ఒకసారి అలా చేస్తే మర్నాడు మీ మెడ వదలడు. "సాయంత్రం పాలు తాగాక వస్తా" అని చెప్పి వెళ్ళండి. బాగా అలవాటుపడ్డ బిడ్డ ఉన్నట్టుండి ఫలానా మనిషిని చూసి ముడుచుకుపోతుంటే అది వేరే సంగతి. అప్పుడు సర్దిచెప్పుకోవద్దు. అవసరమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

అపోహ: జలుబు సిరప్ ఒక చెంచా పోస్తే హాయిగా నిద్రపోతాడు, మంచిదేగా.

వాస్తవం: కాదు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ అనే మందులు కలిసిన జలుబు సిరప్ నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడొద్దని సీసా మీద ముద్రించాలని 2023లోనే ఆదేశం వచ్చింది. డాక్టరు చీటీ లేకుండా ఏ మందూ పోయొద్దని చేర్పించిన రోజే రాసివ్వండి.

అపోహ: ఆఫీసులో క్రెష్ (ఉద్యోగుల పసిపిల్లల్ని చూసుకునే చోటు) పెట్టడం కంపెనీ దయ.

వాస్తవం: 50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్ ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణే చెప్పింది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చు.

అపోహ: బంధువే కదా, పంపిస్తే ఏం?

వాస్తవం: ఒకసారి ఓ తాతగారు మనవరాలి కోసం వచ్చారు. మా రిజిస్టర్లో ఆయన పేరు లేదు. పాప "తాతా" అంటూ పరిగెత్తినా గేటు తీయలేదు. వాళ్ళమ్మ ఫోన్ ఎత్తేదాకా ఇరవై నిమిషాలు ఎండలో నిలబడి నన్ను నానా మాటలూ అన్నారు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చారు, చేతిలో ఆధార్ కాపీ, రెండు పాస్‌పోర్ట్ ఫోటోలతో. "నా పేరు రాసుకోమ్మా. మా వియ్యంకుడిది కూడా."